ముక్కు మీద నీలం టేపు

ట్రేడ్‌మార్కు చట్టాన్ని తిట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. మనిషికి దక్కిన వరాల్లో నిద్ర మొదటిదైతే, ట్రేడ్‌మార్కు రెండోది. అదే లేకపోతే ఏమయ్యేదో ఒక్కసారి ఊహించండి. ఎవడు పడితే వాడు కారు తయారుచేసుకుని, దానికి నచ్చిన పేరు పెట్టుకుని, ఎక్కి తిరిగేసేవాడు! ఎంత అరాచకం!

నమ్మరా? అయితే మాల్కమ్ పించెస్ సంగతి వినండి.

కోవెంట్రీలో ఎర్ల్స్‌డన్ వైపు, ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ ఇటుక ఇళ్ల వరసలో అతని ఇల్లు. ఉద్యోగం చేసినన్నాళ్లూ డ్రైవింగ్ టెస్టులు పెట్టాడు. మన భాషలో చెప్పాలంటే బ్రేక్ ఇన్‌స్పెక్టరు. ఊళ్లో సగం మందిని ఫెయిల్ చేశాడు. ఫెయిలైన ప్రతివాడికీ సారీ చెప్పాడు. తన కాలు తొక్కినవాడికి కూడా తనే సారీ చెబుతాడు. ఒకసారి బ్యాంకులో అద్దం తలుపు చూసుకోకుండా గుద్దుకుని, తలుపుకు సారీ చెప్పి బయటికొచ్చాడు.

అతని ప్రాణ స్నేహితుడు డెస్ మల్వేనీ. ఆ స్నేహం ఎలా మొదలైందనుకున్నారు? మాల్కమ్ అతన్ని టెస్టులో ఫెయిల్ చేశాడు. డెస్ మళ్లీ వచ్చాడు. మళ్లీ ఫెయిల్. చివరికి ఇంకో ఇన్‌స్పెక్టరు దగ్గర పాసై, ఆ సాయంత్రమే పబ్బులో మాల్కమ్‌ను వెతికి పట్టుకుని బీరు ఇప్పించాడు. "తాగు గురూ. నా పక్కన కూర్చుని ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నావుగా, ఇది దానికి పరిహారం" అన్నాడు. అప్పట్నుంచి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటున్నారు.

డెస్ కుర్రతనంలో టాన్స్లీ మోటార్స్ కార్ఖానాలో పని నేర్చుకున్నాడు. పైకప్పు లేని, ఇద్దరు మాత్రమే పట్టే స్పోర్ట్స్ కార్లు చేసేవాళ్లక్కడ. కారు పేరు ల్యాప్‌వింగ్. అంటే తీతువు పిట్ట. తీతువు కూస్తే చెడు వార్త వస్తుందని మన పెద్దలంటారు. కోవెంట్రీ వాళ్లకు ఆ సంగతి తెలియదు. కార్ఖానా మూతపడిన రోజున కూడా తెలిసిరాలేదు.

ఇప్పుడా స్థలంలో పరుపుల దుకాణం ఉంది. ఒకప్పుడు ఇంజన్లు గర్జించిన చోట జనం చెప్పులు విప్పి, పడుకుని చూసి, "కొంచెం మెత్తగా ఉందేమో" అంటున్నారు. అభివృద్ధి అంటే అదే కదా!

మూసిన రోజు అందరూ ఎవరి పనిముట్లు వాళ్లు తీసుకెళ్లారు. డెస్ మాత్రం బెంచి కింద దొర్లుతున్న ఒక బ్యాడ్జిని ఏరుకుని పొగాకు డబ్బాలో వేసుకున్నాడు. తల మీద కుచ్చు, చాచిన రెక్కలు, అరచేతిలో పట్టే తీతువు. కారు ముక్కు మీద బిగించేది. దాన్ని బిగించాల్సిన కారు తయారవలేదు. పిట్ట మాత్రం డబ్బాలో ఉండిపోయింది.

రిటైరయ్యాక ఇద్దరు మిత్రులూ మాల్కమ్ గరాజ్‌లో ఆ కారును మళ్లీ పుట్టించడానికి పూనుకున్నారు. ఇంగ్లండులో ఇది వింతేమీ కాదు. ఇక్కడ రిటైరైన మగవాడు గరాజ్‌లోకి వెళ్లి తలుపేసుకుంటే లోపల కారైనా తయారవుతుంది, పడవైనా తయారవుతుంది. ఇంట్లోవాళ్లు టీ తలుపు దగ్గర పెట్టి వెళ్లిపోతారు. మాల్కమ్ భార్య గ్లెనిస్ కూడా అంతే. లోపలేం జరుగుతోందని ఎన్నడూ అడగలేదు. "చప్పుడు వినిపిస్తే బతికే ఉన్నాడని అర్థం, చాలు" అనేది.

పాత ఇంజను ఒకటి సంపాదించారు. అల్యూమినియం రేకును చెక్క సుత్తులతో కొట్టి కొట్టి ఒళ్లు తయారుచేశారు. వెన్నలా జారే వంపులు వచ్చాయి. ముదురాకుపచ్చ రంగు వేశారు.

తొందరకు కారణముంది. డెస్ కంటిచూపు మధ్యలో మసకబారుతోంది. ఎదురుగా ఉన్న మనిషి చెవులు కనిపిస్తాయి, ముక్కు కనిపించదు. "ఇప్పటికి హద్దులోనే ఉంది. చలికాలం ముందు పరీక్షలో ఇంకా తగ్గితే లైసెన్సు వాపసు ఇచ్చేయాలి" అని డాక్టరు చెప్పాడు. డెస్‌కు ఒకటే కోరిక. జూలైలో ఊళ్లో జరిగే పాత కార్ల ఊరేగింపులో, ముక్కు మీద పిట్టతో, స్టీరింగ్ తను పట్టుకుని, ఒక్కసారి ఆ వీధుల్లో పోవాలి. అంతే.

వసంతానికల్లా కారు సిద్ధమైంది. పిట్టను బిగించారు. ఇక పెట్రోలు పోసి తాళం తిప్పడమే తరువాయి.

సరిగ్గా అప్పుడే మాల్కమ్‌లోని ఇంగ్లీషువాడు నిద్రలేచాడు.

అడక్కుండా పెట్టుకుంటే బాగుండదేమో! ఆ పిట్ట ఎవరిదో! వాళ్లు నొచ్చుకుంటే! మీరైతే ఏం చేస్తారు? నోరు మూసుకుని కారెక్కుతారు. ఇంకో దేశంవాడెవడైనా అంతే చేస్తాడు. మాల్కమ్ మాత్రం వారం రోజులు వెతికి, టాన్స్లీ పేరూ పిట్టా ఇప్పుడు లండన్‌లోని హేవర్లీ హెరిటేజ్ హోల్డింగ్స్ అనే కంపెనీ చేతిలో ఉన్నాయని తెలుసుకుని, వాళ్లకు చక్కని దస్తూరితో ఉత్తరం రాశాడు. అయ్యా, మేము ఫలానా. మీ పిట్టను మా కారుకు పెట్టుకుంటున్నాం. మీకు అభ్యంతరం ఉండదని ఆశిస్తున్నాం. మా పాత కార్ల క్లబ్బులో ఇద్దరు ముగ్గురు మిత్రులు తమకూ ఒకటి చేసిపెట్టమంటున్నారు, ఆ సంగతి కూడా దాచకుండా చెప్పడం మర్యాద. శ్రమ ఇస్తున్నందుకు సారీ.

పోస్టు డబ్బాలో వేసి వచ్చి డెస్‌కు చెప్పాడు. డెస్ చేతిలో టీ కప్పు గాల్లోనే ఆగిపోయింది.

"అడిగావా?"

"అడగడం పద్ధతి కదా డెస్."

"ఒరేయ్, బీరువాలో ఎలుక పడుకుంటే పడుకోనివ్వక, 'అమ్మా ఎలుకా, నీ పక్కన చెయ్యి పెట్టొచ్చా' అని లేపి అడుగుతారట్రా ఎవరైనా?"

"వాళ్లు పెద్దమనుషులు. వద్దనరు."

"పెద్దమనుషులా! మమ్మల్ని ఇంటికి పంపినప్పుడు యంత్రాలు తుక్కుకు అమ్మారు, గోడలు కూలగొట్టారు, పేరు మాత్రం పదిలంగా దాచుకున్నారు. ఎందుకనుకున్నావ్? తిండిపెట్టక్కర్లేనిది అదొక్కటే కాబట్టి!"

డెస్‌కు కోపమొస్తే న్యాయం తెలియదు. పేరును కాపాడటం ఎంత ఖర్చుతో కూడిన పనో అతనికేం తెలుసు? నిజానికి హేవర్లీ వారికి తమ దగ్గర పిట్ట ఉన్నట్టే గుర్తులేదు. మూతపడిన కంపెనీల పేర్లు గంపగుత్తగా కొని పెట్టుకున్నారు. అందులో ఈ తీతువు ఏ మూలో ముడుచుకుని పడుంది. మాల్కమ్ ఉత్తరంతో వాళ్లకు జ్ఞానోదయమైంది. ఎవరో అడుగుతున్నారంటే దీనికి విలువుందన్నమాట! చూశారా, ఒక్క మర్యాదస్తుడి వల్ల దేశ సంపద ఎలా పెరుగుతుందో!

జవాబు వాళ్ల వకీళ్ల నుంచి వచ్చింది. బరువైన కాగితం. పిట్టను వెంటనే తీసేయాలి. ఆ పేరుగాని, ఆ పేరులా వినిపించేది గాని, ఆ పిట్టగాని, ఆ పిట్టలా కనిపించేది గాని వాడకూడదు. అలాగని రాసిచ్చి సంతకం పెట్టాలి.

మాల్కమ్ సంతకం పెట్టాడు. కింద సారీ అని కూడా రాశాడు.

పిట్ట మళ్లీ పొగాకు డబ్బాలోకి పోయింది. ముక్కు మీద రెండు చిన్న రంధ్రాలు మిగిలాయి. వానకు నీళ్లు దిగుతాయని డెస్ వాటిమీద నీలం టేపు ముక్క అతికించాడు. ఆ రోజు అతను మాల్కమ్‌తో మాట్లాడకుండా వెళ్లిపోయాడు. పబ్బులో బల్ల దగ్గర బీరు కూడా సగం వదిలేశాడు. డెస్ బీరు వదిలేయడం అదే మొదలు.

అక్కడితో కథ అయిపోవాలి. కాని ఊరేగింపు వాళ్లు కారు పేరేమిటని అడిగారు. కారును రోడ్డెక్కించే కాగితాల్లోనూ అదే గడి, ఖాళీగా వదలకూడదు. కొత్త పేరు కావాలి!

ఇక్కడే ట్రేడ్‌మార్కు చట్టం అసలు మేలు మొదలవుతుంది. అంతవరకు మాల్కమ్‌కు నాలుగు పిట్టల పేర్లు తెలుసు. ఇప్పుడు గ్రంథాలయం నుంచి పక్షుల పుస్తకాలు మోసుకొచ్చి అన్నీ చదివేశాడు. చదివి, వకీలు ఇమోజెన్ ఫెయిర్‌క్లో దగ్గరికెళ్లాడు. ఆమె పేర్ల వ్యవహారాలే చూస్తుంది. చిన్నదైనా మహా చురుకు. ఒక్కొక్క పేరే కంప్యూటర్‌లో కొట్టి చూసేది.

"డేగ?"

"బూట్ల కంపెనీ వాళ్లది."

"పాలపిట్ట?"

"పెరుగు."

"గుడ్లగూబ?"

"గుడ్లగూబలు మొత్తం ఒక కళ్లద్దాల కంపెనీ చేతిలో ఉన్నాయి, మిస్టర్ పించెస్. చిన్నవి, పెద్దవి, మంచులో ఉండేవి, అన్నీ."

పిట్టలైపోయాయి. జంతువులకు వచ్చారు. పులులు, చిరుతలు పెద్ద కంపెనీల పెరట్లో కట్టేసి ఉన్నాయి. మిగిలినవాటిలో ముంగిస ఒక తాళాల కంపెనీది. తోడేలు గడ్డం గీసుకునే బ్లేడుది. నత్త ఒక్కటే ఖాళీగా ఉంది. స్పోర్ట్స్ కారుకు నత్త అని పెడదామా అని మాల్కమ్ నిజంగానే ఆలోచించాడు!

తర్వాత గాలులు. ఎడారి గాలి, సముద్రపు గాలి, కొండగాలి, ప్రపంచంలో వీచే ప్రతి గాలినీ ఎవరో ఒకరు పట్టి సీసాలో పెట్టి మూత బిగించారు. తూర్పుగాలి ఒక్కటి మిగిలిందనుకుంటే, అది బట్టలారబెట్టే యంత్రానిదని తేలింది. నదులు నీళ్ల సీసాలవాళ్లవి. కొండలు చాక్లెట్లవాళ్లవి. నక్షత్రాలు పరుపులవాళ్లవి. దేవుడు సృష్టి చేశాడంటారు గాని, పాపం, రిజిస్టర్ చేయించుకోవడం మరిచిపోయాడు.

చివరికి మాల్కమ్ సిగ్గుపడుతూ అడిగాడు. "నా ఇంటిపేరు పెట్టుకోవచ్చా? పించెస్?"

ఇమోజెన్ కొట్టి చూసింది. ముఖం అదోలా పెట్టింది.

"పసిపిల్లల డైపర్ల వాళ్లకు ఉందండి. చక్రాలున్న వస్తువులకు కూడా రాయించుకున్నారు. తోపుడు బళ్లు చేస్తారట."

"కాని అది మా తాత పేరు."

"మీ తాతగారు రాయించుకున్నారా?"

మాల్కమ్ తాత రాయించుకోలేదు. బొగ్గు గనిలో పనిచేసినవాడు, తీరిక దొరికి ఉండదు.

"ఒక సంగతి చెప్పండి" అంది ఇమోజెన్, కంప్యూటర్ మూస్తూ. "మీరు ఆ పిట్టను పెట్టుకుని ఊరికే తిరిగుంటే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. సొంత కారు, సొంత సరదా. అసలు ఉత్తరం ఎందుకు రాశారు? పైగా స్నేహితులకు కూడా చేసిస్తామని! అప్పుడే కదా అది వ్యాపారమైంది."

"చెప్పకపోతే అబద్ధమాడినట్టవుతుందేమోనని..."

"మిస్టర్ పించెస్, మీలాంటివాళ్లు ఇంకో పదిమంది ఉంటే నేను లండన్‌లో ఇల్లు కొనుక్కుంటాను" అంది.

ఇది మేలు కాదంటారా? పైగా సంసారం ఎంత బాగుపడిందో చూడండి. గరాజ్ తలుపు ఇవతల భర్త ఎలా ఉంటాడో గ్లెనిస్ మరిచిపోయి ఉంటే, ఇప్పుడు వంటింటి బల్ల దగ్గర రోజంతా ఆయనే. అర్థంలేని పేర్లు తనే కల్పించి ఆమెకు వినిపించేవాడు.

"జెల్వోరా ఎలా ఉంది?"

"మొలలకు మందులా ఉంది."

"ట్రాన్విక్?"

"అది వేసుకున్నాక వచ్చే దద్దుర్లకు మందులా ఉంది. మాల్కమ్, నీ పుణ్యముంటుంది, ఆ కారుకు నోరుంటే తనే చెప్పేది, నా పేరు ల్యాప్‌వింగ్ అని. డెస్‌ను చూశావా ఈమధ్య? నిన్న మన గేటును రెండుసార్లు తడిమాడు గడియ కోసం. నువ్విక్కడ దద్దుర్లకు పేర్లు పెడుతూ కూర్చున్నావు."

మాల్కమ్ ఆ పూట టీ తాగలేదు. ఊరేగింపు కాగితంలో కారు పేరు అన్న చోట ఉన్నది ఉన్నట్టు రాశాడు. పేరు ఇంకా ఖరారు కాలేదు, సారీ. రోడ్డు కాగితాల్లోనూ అదే సంగతి వివరంగా రాశాడు. అక్కడి గుమాస్తా జాలిపడి, ఇంట్లో కట్టుకున్న బండి అని గడి నింపి పంపాడు.

జూలై వచ్చింది. దాంతోపాటు వానా వచ్చింది.

కార్లన్నీ వరసగా నిలబడ్డాయి. మెరిసే పాత కార్లు, గొడుగుల కింద యజమానులు. మాల్కమ్ చుట్టూ చూసి నిలువునా చల్లబడిపోయాడు. ఎటు చూసినా తీతువే! గొడుగుల మీద తీతువు. సంచుల మీద తీతువు. ఈ ఏడాది ఊరేగింపు ఖర్చంతా పెట్టుకున్నది హేవర్లీ వారు. పెద్ద తెల్ల గుడారం వేసి ల్యాప్‌వింగ్ గొడుగులు, ల్యాప్‌వింగ్ తాళంగుత్తులు, ల్యాప్‌వింగ్ మగవాళ్ల సెంటు అమ్ముతున్నారు. పాత కార్ఖానా వాసన వస్తుందట ఆ సెంటు. డెస్ వాసన చూశాడు.

"మా కార్ఖానా వాసన ఇలా ఉండుంటే నేను మొదటి రోజే పారిపోయేవాణ్ని" అన్నాడు.

గుడారం ముందు ఎర్ర తివాచీ పరిచిన వేదిక ఉంది. వేదిక ఖాళీగా ఉంది. అద్దెకు తెచ్చిన అసలు ల్యాప్‌వింగ్ వానకు మొరాయించి దారిలోనే ఆగిపోయిందట. పేరుంది, పిట్టుంది, సెంటుంది. కారొక్కటే లేదు.

అప్పుడు హేవర్లీ ప్రచార మేనేజరు టోబీ కంట్లో ఆకుపచ్చ కారు పడింది. కుర్రవాడు. బూట్లు బురదవుతాయని మునివేళ్ల మీద నడుచుకుంటూ వచ్చాడు.

"సార్, అద్భుతం! అచ్చం ల్యాప్‌వింగే! ఈ నీలం టేపు ఏమిటి?"

"మీరే తీయమన్నారండీ. సారీ" అన్నాడు మాల్కమ్.

టోబీకి సంగతి గుర్తొచ్చింది. గొంతు తగ్గించాడు. "అది వకీళ్ల విభాగం. మేం వేరు. ఒక పని చేద్దాం. కారును మా వేదిక మీద పెట్టండి. ఈ ఒక్కరోజుకు పిట్టను పెట్టుకోవడానికి మేమే అనుమతిస్తాం. ఫొటోలు తీస్తాం. రేపటినుంచి మళ్లీ టేపు."

"వేదిక మీద పెడితే ఊరేగింపులో ఎలా పోతుంది?" అన్నాడు డెస్, స్టీరింగ్ ముందునుంచి.

"పోదండీ. అది ప్రదర్శన వస్తువు అవుతుంది."

"నేనూ అంతే బాబూ ఇంకొన్నాళ్లలో. ఆ తొందర కారుకెందుకు?"

టోబీకి అర్థం కాలేదు. "లండన్‌లో ఒక్క మాట అడిగి వస్తాను. అనుమతి వచ్చేవరకు దయచేసి కదలకండి" అని ఫోను చెవికి పెట్టుకుని గుడారంలోకి దూరాడు.

ముందు కార్లు కదిలాయి. వెనక కారువాడు మర్యాదగా దగ్గాడు. ఇక్కడ హారన్ కొట్టడమంటే అంతే. గుడారంలో టోబీ చేతులు తిప్పుతూ మాట్లాడుతున్నాడు. లండన్ వాళ్లు మీటింగులో ఉన్నారట. ఆ పైవాళ్లు ఇంకో దేశంలో ఉన్నారట. అక్కడ ఇంకా తెల్లారలేదట.

మైకులో ప్రకటన వినిపించింది. "తర్వాతి కారు... పేరు ఇంకా ఖరారు కాలేదు, సారీ!"

జనం నవ్వారు. మాల్కమ్ డెస్‌ను చూశాడు. డెస్ రోడ్డుకేసి చూస్తున్నాడు. రోడ్డు అతనికి ఎంత కనిపిస్తోందో మాల్కమ్‌కు తెలుసు. అంచులు మాత్రమే.

"టేపు ఉందా ఇంకా?" అడిగాడు డెస్.

"ఉంది."

"సరే, పోనిద్దామా మరి?"

మాల్కమ్ కారు దిగాడు. వీధి నిండా తడుస్తున్న గొడుగుల మీద తీతువులను ఒకసారి చూశాడు. వంగి గోటితో టేపు పీకేశాడు.

"డబ్బా ఇటివ్వు."

డెస్ చెయ్యి జేబు మీదికి పోయింది. "అడిగావా?"

"లేదు."

"ఎవర్నీ?"

"ఎవర్నీ."

పొగాకు డబ్బా మూత తెరుచుకుంది. రెండు రంధ్రాల్లో పిట్ట కాళ్లు టిక్కున కూర్చున్నాయి. వాళ్లతో వచ్చి, ఊరేగింపు బయలుదేరే గేటు దగ్గర తడుస్తూ నిలబడ్డ గ్లెనిస్ ఫోను ఎత్తి ఒక ఫొటో తీసింది. మాల్కమ్ వచ్చి డెస్ పక్క సీట్లో కూర్చున్నాడు. నడుము నిటారుగా, చేతులు ఒళ్లో. జీవితమంతా కూర్చున్నట్టే.

కారు కదిలింది.

"కుడివైపు కొంచెం. అంతే. ముందు పిల్లలున్నారు, నెమ్మది. ఇప్పుడు ఎడమకు తిప్పు" అని మాల్కమ్ గొణుగుతున్నాడు. డెస్ తిప్పుతున్నాడు. వాన ముఖాన కొడుతోంది. పరుపుల దుకాణం ముందుకు వచ్చేసరికి అక్కడ టాన్స్లీలో పనిచేసిన ముసలివాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. సీట్లు కుట్టే విభాగంలో పనిచేసిన ఒకావిడ చేతికర్ర పైకెత్తింది.

"ల్యాప్‌వింగ్! అదిగోర్రా ల్యాప్‌వింగ్!"

వీధి వీధంతా అందుకుంది. ఆ పేరు హేవర్లీ వారిదని ఆ జనంలో ఎవరికీ గుర్తులేదు. పాపం, వాళ్లందరికీ నోటీసులివ్వాలంటే ఎంత కాగితం కావాలి!

"వాళ్లను చూశావా డెస్?"

"చూడలేదు" అన్నాడు డెస్. "వినబడింది."

ఊరి పెద్ద చర్చి, కెథడ్రల్ దగ్గర ఊరేగింపు ఆగింది. డెస్ ఇంజను ఆపాడు. మాల్కమ్ పాత ఉద్యోగపు గొంతుతో అన్నాడు.

"మిస్టర్ మల్వేనీ. టెస్టు ముగిసింది. మీరు పాసయ్యారు."

డెస్ స్టీరింగ్ మీద తల ఆనించాడు. వాన నీళ్లో మరేమో ముఖం తుడుచుకున్నాడు.

"ఇన్నేళ్లు పట్టిందట్రా నీకు, దరిద్రుడా?"

"సారీ" అన్నాడు మాల్కమ్.

కాసేపటికి టోబీ రొప్పుతూ వచ్చాడు, మోకాళ్లదాకా బురదతో. "లండన్ వాళ్లు కుదరదన్నారు! పిట్టను పెట్టొద్దన్నారు!"

"ఎక్కడ పెట్టాం?" అన్నాడు డెస్. నిజమే, పిట్ట అప్పటికే డబ్బాలో ఉంది. ముక్కు మీద నీలం టేపు కొత్త ముక్క నీట్‌గా అతికి ఉంది. మాల్కమ్ సంతకం పెట్టిన మనిషి కదా, మాట తప్పినా ఎక్కువసేపు తప్పలేడు.

చలికాలం ముందు డెస్ లైసెన్సు వాపసు ఇచ్చేశాడు. కారు గరాజ్‌లో ఉంది. ఆదివారాలు మాల్కమ్ నడుపుతాడు, డెస్ పక్కన కూర్చుని అతని గేర్లను తిడతాడు. పేరు ఇంకా ఖరారు కాలేదు.

ఇటీవల హేవర్లీ వారినుంచి మళ్లీ బరువైన కాగితం వచ్చింది. మాల్కమ్ భయంభయంగా విప్పాడు. ఈసారి అందులో ఎంతో మర్యాద! ఊరేగింపునాడు తీసిన ఒక ఫొటోను జనం ఫోన్లలో ఒకరికొకరు పంపుకుంటూ ఊరంతా పంచుకున్నారు. వానలో ముసలి డ్రైవరు, ఆకుపచ్చ కారు, ముక్కు మీద పిట్ట. తమ దగ్గరున్న ఏ ఫొటోకూ అంత కళ లేదట. కొత్త గొడుగుల ప్రచారానికి దాన్ని వాడుకోవడానికి దయచేసి అనుమతి ఇప్పించగలరా అని అడిగారు. ప్రతిగా పిట్ట విషయంలో ఉదారంగా ఆలోచిస్తారట.

"ఇచ్చేద్దామా?" అన్నాడు మాల్కమ్. "పాపం, అడిగారు కదా, పద్ధతిగా."

"నువ్వు ఇవ్వడానికి నీదెక్కడిది?" అంది గ్లెనిస్, టీ పోస్తూ. "తీసింది నేను. చట్టప్రకారం నాది. ఇమోజెన్‌ను అడిగి తెలుసుకున్నాను."

జవాబు ఆమే రాసింది. వాళ్ల మొదటి ఉత్తరాన్ని ముందు పెట్టుకుని, పిట్ట అన్న చోటల్లా ఫొటో అని మార్చింది. ఆ ఫొటోగాని, ఆ ఫొటోలా కనిపించేది గాని వాడకూడదు. అలాగని రాసిచ్చి సంతకం పెట్టాలి. రాసింది డెస్‌కు చదివి వినిపించింది. అతను కళ్లు మూసుకుని, పాట విన్నట్టు విని, ఇంకోసారి చదవమన్నాడు.

ఇప్పుడు చెప్పండి, చట్టం వరమా, కాదా? కార్ఖానాలో అడుగైనా పెట్టనివాడికి పిట్ట దక్కింది. కారు చేసినవాడికి నీలం టేపు దక్కింది. కళ్లుపోతున్నవాడికి వానలో ఒక్కసారి తిరిగే వీలు దక్కింది, అదీ అడక్కుండా ఉన్నందుకు. ఇంతకన్నా న్యాయమైన పంపకం ఉంటుందా?

ఒక్కటే చిన్న వెలితి. హేవర్లీ వారు ఇంకా సంతకం పెట్టి పంపలేదు. గ్లెనిస్ రోజూ పోస్టు చూస్తోంది.